ఇల్లు తప్ప ఎవరూ చదవని భాష
(గిడుగు వెంకట రామమూర్తి స్మారకోపన్యాస పాఠం)

గిడుగు రామమూర్తి గారి పేరు మీద ఉపన్యాసం అనగానే వ్యావహారిక భాషోద్యమ చరిత్ర వింటామని సభ ఎదురుచూడటం సహజం. ఆ చరిత్రను నాకంటే బాగా చెప్పగల పెద్దలు ఈ గదిలోనే ఉన్నారు. ఈవేళ నేను ఆయన చేసిన పనిలోంచి నేరుగా మన ఇళ్ళలోకి వచ్చే ఒక్క ప్రశ్న తీసుకుంటాను. రెండు భాషల మధ్య పెరుగుతున్న పసిబిడ్డకు ఏ భాషలో పుస్తకం చదివి వినిపించాలి?

ఈ ప్రశ్నకూ గిడుగు వారికీ ఉన్న సంబంధం పైపైది కాదు. 1863 ఆగస్టు 29న పుట్టిన రామమూర్తి గారు 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. చుట్టూ కొండల్లో సవరలు ఉన్నారు. వాళ్ళకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ళ భాష తనకు రావాలనుకున్నారు. దానికి లిపి లేదు, నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని దగ్గర పెట్టుకుని ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు. సవర భాషలో పిల్లలకు వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్ళు పెట్టారు, పంతుళ్ళకు జీతాలిచ్చారు. సవర వ్యాకరణం 1931లో అచ్చయ్యేనాటికి ఆయన డెబ్భైకి దగ్గరపడ్డారు.

ఇంకోవైపు, 1907 ప్రాంతంలో విశాఖపట్నం వైపు బళ్ళ తనిఖీ అధికారిగా ఉన్న యేట్స్ దొర, పంతులు నోట ఉన్న తెలుగుకూ పిల్లవాడి పుస్తకంలో ఉన్న తెలుగుకూ ఇంత ఎడం ఎందుకని అడిగినప్పుడు, ఆ ప్రశ్నను జీవితాంతం మోసినవారు గిడుగువారు. సవర పిల్లవాడికి సవరలో, తెలుగు పిల్లవాడికి నోట ఉన్న తెలుగులో. ఆయన రెండు ఉద్యమాలు నడపలేదు. బిడ్డ దగ్గరికి పుస్తకం నడిచి రావాలన్న ఒక్క పట్టుదలనే రెండు చోట్ల నిలబెట్టారు.

ఇప్పుడు మన ఇళ్ళకు వద్దాం. పిల్లల గ్రంథాలయాల్లో పనిచేసే మాలాంటివాళ్ళను తల్లిదండ్రులు అడిగే మాట దాదాపు ఒకటే. "తెలుగు కథలు చదివితే ఇంగ్లీషు వెనకబడదా అండీ?" హైదరాబాదులో ఎల్‌కేజీకి పంపుతున్న తల్లీ అదే అడుగుతుంది, న్యూజెర్సీ నుంచి సెలవులకు వచ్చిన తండ్రీ అదే అడుగుతాడు. బెంగళూరులో ఉన్నవాళ్ళకు కన్నడం కూడా కలుస్తుంది. చిత్తూరు జిల్లాలో తల్లిది తమిళం, తండ్రిది తెలుగు అయిన ఇళ్ళున్నాయి. పాతబస్తీలో ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. తండాలో ఇంట లంబాడీ, బడిలో తెలుగు. వీళ్ళందరి ప్రశ్న ఒకటే కాబట్టి జవాబు కూడా అందరికీ వర్తించేదై ఉండాలి. తెలుగువాళ్ళకు మాత్రమే నచ్చే జవాబు గిడుగువారి పేరు మీద చెప్పకూడదు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇల్లు తప్ప మరెవరూ ఆ బిడ్డకు ఏ భాషలో చదివి వినిపించరో, ఇల్లు ఆ భాషలో చదవాలి. ఇక ఎందుకో చెప్తాను.

ముందుగా భయం సంగతి. రెండు భాషలు వినే బిడ్డ తికమకపడుతుందని, రెండింటిలో ఏదీ సరిగ్గా రాదని మనలో చాలామందికి గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఒకప్పుడు పండితుల అండ కూడా ఉండేది. 1923లో వేల్స్ దేశపు పల్లెల్లో వెల్ష్, ఇంగ్లీషు మాట్లాడే పిల్లలను పరీక్షించిన సేర్ అనే ఆయన వాళ్ళు తెలివిలో వెనకబడి ఉన్నారని రాశాడు. ఆ పిల్లల ఇళ్ళ స్థితిగతులను ఆ లెక్క సరిగా పట్టించుకోలేదు. 1962లో కెనడాలో మాంట్రియల్ నగరంలో పీల్, లాంబర్ట్ అనే పరిశోధకులు ఒకే స్థితిగతుల ఇళ్ళ నుంచి వచ్చిన పదేళ్ళ పిల్లలను పోల్చారు. ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ వచ్చిన పిల్లలు ఒకే భాష వచ్చినవాళ్ళకంటే మెరుగ్గా నిలిచారు.

మనకు ఇంకా దగ్గరి సాక్ష్యం ఉంది. ఒడిశా మనస్తత్వ శాస్త్రవేత్త అజిత్ మహంతి ఫుల్బాణీ కొండల్లో కంధుల పిల్లలను పరిశీలించారు. అక్కడ ఒకే జాతివాళ్ళు కొన్ని ఊళ్ళలో తమ కుయి భాషను నిలుపుకుని ఒడియా కూడా నేర్చుకున్నారు. మరికొన్ని ఊళ్ళలో కుయి పోయి ఒడియా ఒక్కటే మిగిలింది. జాతి ఒకటే, బతుకు ఒకటే, తేడా భాషలోనే. రెండు భాషలూ నిలుపుకున్న పిల్లలే ఆలోచనకు సంబంధించిన పరీక్షల్లో, భాష గురించి ఆలోచించే శక్తిలో ముందున్నారు. పర్లాకిమిడికి ఆ కొండలు మరీ దూరం కాదు. గిడుగువారు అనుభవంతో పట్టుకున్నదాన్ని ఆ పిల్లలు పరీక్షల్లో చూపించారు.

పసితనంలో తికమక అన్నది కూడా నిజం కాదు. కెనడాలోనే వాంకూవర్‌లో అప్పుడే పుట్టిన శిశువులపై చేసి 2010లో ప్రకటించిన పరిశోధన ఒకటుంది. కడుపుతో ఉన్నప్పుడు ఇంగ్లీషు, తగాలోగ్ రెండూ మాట్లాడిన తల్లుల బిడ్డలు ఆ రెండు భాషల మీదా ఆసక్తి చూపారు, రెండింటినీ వేరువేరుగా గుర్తుపట్టారు కూడా. మన మూడేళ్ళ బిడ్డ "మమ్మీ, నా షూస్ ఎక్కడ పెట్టావు" అంటే భాషలు కలిసిపోయి పాడయ్యాయని అర్థం కాదు. తన చుట్టూ పెద్దవాళ్ళు మాట్లాడుతున్నట్టే తానూ మాట్లాడుతోంది. ఆ వాక్యాన్ని చూడండి. మమ్మీ, షూస్ ఇంగ్లీషువి, కానీ వాక్యం నడక, చివర క్రియ, ఆ క్రియకు అంటుకున్న "నువ్వు" అన్న గుర్తు అంతా తెలుగే. తికమకపడిన బుర్ర అంత చక్కగా కూర్చలేదు.

భయం తీరింది కాబట్టి రెండో మాట. మాట్లాడితే చాలదా, చదవడం ఎందుకు? ఇంట్లో ఎలాగూ తెలుగే కదా అని చాలామంది అంటారు. ఇంట్లో మనం పిల్లలతో మాట్లాడే తెలుగు ఒక్కరోజు చెవిపెట్టి వినండి. లే, రా, తిను, పళ్ళు తోముకో, హోంవర్క్ అయిందా, పడుకో. రోజుకు సరిపోయే మాటలు ఇవే, రేపూ ఇవే. 2015లో పరిశోధకురాలు జెస్సికా మాంటాగ్, ఆమె సహచరులు 100 బొమ్మల పుస్తకాల్లోని మాటలను, తల్లిదండ్రులు పిల్లలతో మాట్లాడే మాటలను పక్కపక్కన పెట్టి లెక్కగట్టారు. బొమ్మల పుస్తకాల్లో రకరకాల మాటలు చాలా ఎక్కువ ఉన్నాయని తేలింది. ఇది ఇంగ్లీషు లెక్కే అయినా కారణం ఏ భాషకైనా ఒకటే. మాట్లాడేటప్పుడు ఎదురుగా ఉన్న వస్తువును చూపించి "అది ఇలా ఇవ్వు" అనేస్తాం. కథలో వస్తువు ఎదురుగా ఉండదు. కాబట్టి దాని పేరు చెప్పి తీరాలి.

ఫ్లాట్‌లో పెరిగే బిడ్డకు పుట్ట, గుహ, కాలిబాట, ఏరు, తొలకరి, కల్లం, ఎద్దుల మెడలో మువ్వలు కథలోనే కనపడతాయి. అలగడం, బుజ్జగించడం, మాట తప్పడం, నమ్మించి మోసపుచ్చడం, ఒళ్ళు మండినా ఓర్చుకోవడం వంటి మనసు సంగతులకు పేర్లు కూడా కథలోనే దొరుకుతాయి. వాక్యం సంగతి ఇంకా ముఖ్యం. కథల తెలుగులో మనిషి పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, చద్దన్నం మూట కట్టుకుని, గొడ్డలి భుజాన వేసుకుని, అడవికి బయలుదేరతాడు. ఒకదాని వెంట ఒకటి పనులు వచ్చి అసలు క్రియ చివర నిలుస్తుంది. అంతవరకూ బిడ్డ అన్నింటినీ మనసులో వరసగా పట్టుకుని ఉండాలి. వంటింటి మాటల్లో ఈ కసరత్తు దొరకదు. పెద్దయ్యాక సామాన్యశాస్త్రం పాఠంలో పొడుగాటి వాక్యం ఎదురైనప్పుడు అక్కరకొచ్చేది ఈ పట్టే.

అంటే మాట్లాడే తెలుగు ఇంట్లో బతికినా, చదివి వినిపించే తెలుగు లేకపోతే బిడ్డ తెలుగు నాలుగేళ్ళ వయసు దగ్గరే ఆగిపోతుంది. పదిహేనేళ్ళ పిల్లలు అమ్మమ్మతో అన్నం సంగతి తెలుగులో మాట్లాడి, మనసులో సంగతి చెప్పాల్సి వచ్చేసరికి ఇంగ్లీషులోకి వెళ్ళిపోవడానికి కారణం ఇదే. వాళ్ళకు తెలుగు మీద ప్రేమ లేక కాదు. మనసు సంగతులకు కావలసిన తెలుగు ఎవరూ వాళ్ళ చెవిన వేయలేదు.

ఇప్పుడు అసలు ఎంపిక. బిడ్డ చుట్టూ ఉన్న రెండు భాషల బలం సమానం కాదు. ఇంగ్లీషుకు బడి ఉంది, ట్యూషన్ ఉంది, కార్టూన్ ఉంది, ఫోను ఉంది, దుకాణం బోర్డు ఉంది, ఉద్యోగం ఆశ ఉంది. మనం ఏమీ చేయకపోయినా అది వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో 8.11 కోట్ల మంది తమ మాతృభాషగా చెప్పుకున్న తెలుగుకు అంత బలగం ఉన్నా, ఇంగ్లీషు మీడియం బిడ్డ రోజులో దానికి దక్కే సమయం చాలా కొద్ది. అమెరికాలో అయితే ఆ కొద్ది కూడా ఇంటి గుమ్మం దాటదు.

ఐరోపాలో ఒక పాత సూత్రం ఉంది. తల్లి ఒక భాష, తండ్రి ఒక భాష మాట్లాడాలని. ఫ్రాన్సులో భాషావేత్త రోంజా తన కొడుకు లూయీని ఫ్రెంచి, జర్మన్‌లలో అలా పెంచి 1913లో పుస్తకం రాశాడు. ఆ సూత్రం మన దగ్గర కూడా బాగా చలామణీ అయింది. కానీ ఫ్రెంచి, జర్మన్ రెండూ బడులూ పుస్తకాలూ ప్రభుత్వాలూ ఉన్న బలమైన భాషలు. బెల్జియంలో డచ్చి మాట్లాడే ప్రాంతంలో పరిశోధకురాలు అనిక్ డి హౌవర్ ఇంట మరో భాష కూడా ఉన్న సుమారు 1,900 కుటుంబాలను పరిశీలించి 2007లో చెప్పిన సంగతి వేరు. తల్లిదండ్రులిద్దరూ ఇంట్లో డచ్చి కాని తమ చిన్న భాషనే మాట్లాడిన ఇళ్ళలో నూటికి తొంభైకి పైగా పిల్లలు ఆ భాష మాట్లాడుతున్నారు. తల్లి ఒకటి, తండ్రి ఒకటి అని పంచుకున్న ఇళ్ళలో అది నాలుగింట మూడు వంతుల దగ్గర ఆగింది. ఆ పిల్లలందరికీ డచ్చి మాత్రం ఎలాగూ వచ్చింది. పెద్ద భాషకు ఇంటి సాయం అక్కర్లేదు.

అమెరికాలో పరిశోధకురాలు లిల్లీ వాంగ్ ఫిల్‌మోర్ వెయ్యికి పైగా వలస కుటుంబాలను అడిగి 1991లో రాసిన నివేదిక తల్లిదండ్రులంతా తెలుసుకోవలసినది. మరీ చిన్న వయసులో ఇంగ్లీషు నర్సరీలకు వెళ్ళిన పిల్లల్లో ఇంటి భాష వేగంగా జారిపోయింది. పోయింది భాష ఒక్కటే కాదు. కొన్నేళ్ళకు తల్లిదండ్రులు తమ పిల్లలకు మంచీ చెడూ చెప్పుకోవడానికి ఉమ్మడి భాష లేని స్థితికి వచ్చారు. బిడ్డకు పదేళ్ళు వచ్చాక బుద్ధి చెప్పాలన్నా, పదహారేళ్ళప్పుడు ఓదార్చాలన్నా అమ్మకు బాగా వచ్చిన భాష బిడ్డకు రావాలి. దాని కోసం మూడేళ్ళప్పుడే సిద్ధపడాలి. అందుకే నేను తెలుగులో చదవమనేది భాషను కాపాడాలన్న ఒక్క కారణంతో కాదు. తల్లికీ బిడ్డకూ మధ్య మాట నిలవాలన్నది అంతకంటే పెద్ద కారణం.

చదివే మనిషి గురించి కూడా ఆలోచించండి. బడికి మంచి పేరుందని, బిడ్డకు ఇంగ్లీషు అలవాటు కావాలని, కోతీ మొసలి కథను తనకు పలకడానికి కష్టమైన ఇంగ్లీషు పుస్తకంలో తడుముకుంటూ చదివే తల్లులను నేను చూశాను. ఆ గొంతులో కోతి లేదు, మొసలి లేదు. పరీక్ష ఉంది. అదే అమ్మ తన తెలుగులో చదివితే మొసలి కన్నీళ్ళు పెట్టుకుంటుంది, కోతి నవ్వుతుంది, బిడ్డ పొట్ట పట్టుకుంటుంది. 1988లో పరిశోధకుడు వైట్‌హర్స్ట్ బృందం చూపించింది కూడా దీనికి దగ్గరిదే. పుస్తకం పేజీలు తిప్పడంకంటే, మధ్యలో ఆగి "ఇప్పుడేం చేస్తాడంటావు?", "నువ్వైతే ఏం చేసేదానివి?" అని అడిగి, బిడ్డ జవాబును అందుకుని ఇంకాస్త పెంచడం వల్లే పిల్లల భాష ముందుకు పోతుంది. అలాంటి ప్రశ్నలు అప్పటికప్పుడు పుట్టాలి. మనకు నిద్రలో కూడా వచ్చే భాషలోనే అవి పుడతాయి.

మరి ఇంగ్లీషు మాటేమిటి? ఇది న్యాయమైన ప్రశ్న. పేద ఇంటి తండ్రికి ఇంగ్లీషు అన్నది షోకు కాదు, బిడ్డ కూలిపని తప్పించుకునే దారి. ఆ ఆశను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. నేను చెప్పేది ఆ ఆశకు అడ్డు రాదు, అండ అవుతుంది. కెనడా పండితుడు జిమ్ కమిన్స్ 1979లో చెప్పిన సిద్ధాంతం ప్రకారం, ఒక భాషలో గట్టిపడిన ఆలోచనా చదువూ రెండో భాషకు పనికొస్తాయి. తడిబట్ట ఎండలో ఎలా ఆరుతుందో తెలుగులో వివరించగల బిడ్డ, ఆ పాఠం ఇంగ్లీషులో వచ్చినప్పుడు మాటలు మాత్రమే నేర్చుకుంటే చాలు. సంగతి ముందే తెలుసు. కథకు మొదలు, మలుపు, ముగింపు ఉంటాయని, ఒకడు చేసిన పనికి ఇంకొకడి మనసులో కారణం ఉంటుందని తెలుగులో తెలిసిన బిడ్డకు ఇంగ్లీషు కథ పరాయిది కాదు.

తెలుగు అక్షరాల విషయంలో ఒక ప్రత్యేకత కూడా ఉంది. ఇంగ్లీషుకు 26 అక్షరాలు. మనకు అచ్చులు, హల్లులు, గుణింతాలు, వొత్తులు కలిసి వందల రూపాలు. మనకు అన్నదమ్ముల వంటి లిపి ఉన్న కన్నడంలో సొనాలీ నాగ్ చేసిన పరిశోధనలు, అక్షరాలన్నీ పట్టుబడేసరికి పిల్లలకు నాలుగో తరగతి దాకా కూడా పడుతుందని చూపాయి. అన్నేళ్ళు బిడ్డ విసుగు పడకుండా ఉండాలంటే, ఆ అక్షరాల వెనక ఏముందో ముందే రుచి తెలిసి ఉండాలి. చదివి వినిపించేది అందుకే. దిద్దుడు పుస్తకం కంటే ముందు కథల పుస్తకం రావాలి. అక్షరాలు వచ్చేశాయి కదా అని రెండో తరగతిలో చదివి వినిపించడం ఆపేయకూడదు. తాను చదవగలిగిన పుస్తకం కంటే విని అర్థం చేసుకోగలిగిన పుస్తకం ఆ వయసులో ఎప్పుడూ పెద్దది.

బిడ్డ ఇంగ్లీషు పుస్తకం తెచ్చి ఒళ్ళో కూర్చుంటే వద్దనకండి. చదవండి, చదివాక దాని గురించి తెలుగులో మాట్లాడండి. ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పుస్తకాలు ఇప్పుడు మంచివి వస్తున్నాయి. చెన్నైలో తూలిక, సికింద్రాబాదులో మంచి పుస్తకం వంటి సంస్థలు ఓపికగా ఈ పని చేస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో 2015 నుంచి ఉచితంగానే తెలుగు కథలు దొరుకుతున్నాయి. అయితే ఒక వాక్యం తెలుగులో చదివి వెంటనే దాన్నే ఇంగ్లీషులో చెప్పకండి. అలా చేస్తే బిడ్డ తనకు తేలికైన వాక్యం కోసం ఆగి, మిగిలినదాన్ని వదిలేస్తుంది. ఒక పూట ఒక భాషలో మొత్తం కథ చెప్పండి. ఇంకో పూట ఇంకో భాషలో కావాలంటే చెప్పండి.

ఇక, ఏ తెలుగు? గిడుగువారి సభలో ఈ మాట దాటి వెళ్ళలేం. 1945లో న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల "బాల", 1947 జూలైలో మొదలైన "చందమామ" పిల్లలకు సులువైన తెలుగును అచ్చులో ఇచ్చాయి. ఆ ఋణం పెద్దది. కానీ నేటికీ మన పిల్లల పుస్తకాల్లో ఎక్కువ భాగం ఒకే ప్రాంతపు, ఒకే తరహా ఇళ్ళ తెలుగు. పాలమూరు బిడ్డకు, అనంతపురం బిడ్డకు, పలాస బిడ్డకు అది ఎంతో కొంత ఎడంగా ఉంటుంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి నాయకత్వంలో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశాలు చూస్తే ఒక్క పనిముట్టుకే జిల్లాకో పేరు ఉందని తెలుస్తుంది. కాబట్టి తల్లిదండ్రులారా, పుస్తకంలో ఉన్న తెలుగు మీ ఇంటి తెలుగు కాకపోతే భయం లేకుండా మార్చి చదవండి. "వస్తున్నాడు" అని అచ్చులో ఉంటే, మీరు "వస్తుండు" అనేవాళ్ళయితే "వస్తుండు" అనే చదవండి. మీ అమ్మ చెప్పిన కథను మీ ఊరి మాటలో చెప్పండి. పుస్తకపు మాటలు కూడా బిడ్డకు రావాలి, వస్తాయి. ముందు తన ఇంటి మాటకు పుస్తకంలో చోటుందని బిడ్డకు తెలియాలి. ప్రచురణకర్తలకు, రచయితలకు నా విన్నపం కూడా ఇదే. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మాటల్లో పిల్లల పుస్తకాలు రావాలి. పెద్దల కథల్లో ఆ మాటలు ఎప్పుడో వచ్చాయి. పిల్లల దగ్గరికి రావడంలోనే ఆలస్యం జరుగుతోంది.

ఇప్పుడు ఈ సూత్రాన్ని మన మీదికి తిప్పుకుందాం. ఇంగ్లీషు ముందు తెలుగు చిన్నదైనట్టే, తెలుగు ముందు చిన్నవైన భాషలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అని పెద్ద బడి మనకు చెప్తే మనసు నొచ్చుకుంటుంది. అదే మాట, "ఇంట్లో తెలుగే మాట్లాడండి" అని, తండా నుంచి వచ్చిన తల్లికి మన బడుల్లో చెప్తూనే ఉన్నారు. రెండింటిలో అన్యాయం ఒకటే. ఉమ్మడి రాష్ట్రంలో 2003-04 ప్రాంతంలో గోండి, కోయ, కొలామీ, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒడియా, ఈ ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారుచేసి, ఇంటి భాషతో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి, ఇంగ్లీషులోకి నడిపించే బహుభాషా విద్యా కార్యక్రమం మొదలైంది. గిడుగువారు ఒంటరిగా మొదలుపెట్టిన పనిని ప్రభుత్వం అందిపుచ్చుకున్న సందర్భం అది. దాన్ని ప్రతి మన్యం బడిలో నిలబెట్టడం, ఆ భాషల్లో వాచకాలే కాక కథల పుస్తకాలు రాయించడం గిడుగు జయంతి జరుపుకునే మన బాధ్యత. లేకపోతే ఆగస్టు 29న మనం జరుపుకునేది ఆయన పనిలో సగమే.

లంబాడీ తల్లికి చదువు రాకపోవచ్చు, ఆమె భాషలో పుస్తకం దొరకకపోవచ్చు. అయినా ఆమె చేతిలో ఒక బొమ్మల పుస్తకం పెట్టండి. బొమ్మ చూపించి తన భాషలో తోచిన కథ చెప్పమనండి. నానమ్మ పాడే పాటలు, పొడుపు కథలు, సామెతలు అన్నీ బిడ్డకు అదే మేలు చేస్తాయి. అక్షరం రాని తల్లి కూడా బిడ్డకు చదువు ఇవ్వగలదు. ఆమె భాషను తక్కువ చేసిననాడు మాత్రమే ఇవ్వలేదు.

ఇంటి మీదే భారమంతా వేసి సంస్థలు చేతులు దులుపుకోకూడదు. ఆంధ్రప్రదేశ్ 2020లో, తెలంగాణ 2022లో తెలుగు, ఇంగ్లీషు పాఠం ఎదురెదురు పేజీల్లో ఉండే పాఠ్యపుస్తకాలు తెచ్చాయి. మాధ్యమం గురించిన వివాదం ఎటు తేలినా, ఆ తెలుగు పేజీ ప్రతి ఇంటికీ వచ్చి చేరింది. బడిలో ఇంగ్లీషు పేజీ చెప్పిన రోజున ఇంట్లో తెలుగు పేజీ చదివించుకురమ్మని పంతుళ్ళు చెప్తే, ఖర్చు లేకుండా లక్షల ఇళ్ళలో పెద్దవాళ్ళు పిల్లల పాఠంలోకి వస్తారు.

గ్రంథాలయాల సంగతి. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి చొరవతో ఆంధ్రదేశ గ్రంథ భాండాగారుల మహాసభ జరిగింది. ఊరూరా గ్రంథాలయం ఉండాలని తపించిన తరం అది. ఇవాళ ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా మనం కడుతున్నాం. ప్రతి శాఖా గ్రంథాలయంలో వారానికో గంట, ఆ చుట్టుపక్కల ఇళ్ళలో ఉన్న భాషల్లో పిల్లలకు చదివి వినిపించే ఏర్పాటు చేయమని మనం అడగాలి. ఒక వారం తెలుగు, ఒక వారం ఉర్దూ, ఒక వారం కోయ. చదవడానికి రిటైరైన పంతుళ్ళు, అమ్మమ్మలు, తాతయ్యలు ఊరికో పదిమంది ఉంటారు.

పిల్లల డాక్టర్లకు కూడా ఒక మాట. అమెరికాలో బోస్టన్ నగర ఆసుపత్రిలో 1989లో మొదలైన ఒక కార్యక్రమంలో డాక్టర్లు పిల్లలను చూసినప్పుడల్లా ఒక పుస్తకం చేతికిచ్చి, చదివి వినిపించమని తల్లిదండ్రులకు చెప్తారు. అక్కడి పిల్లల వైద్యుల సంఘం 2014లో పుట్టిన దగ్గర్నుంచే చదివి వినిపించడాన్ని తమ సలహాల్లో చేర్చింది. మన దగ్గర టీకాకు రాని బిడ్డ అరుదు. డాక్టరమ్మ, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు టీకా రోజున "మీ భాషలోనే బిడ్డకు కథ చెప్పండి, చదవండి" అని ఒక్క మాట అంటే, మేము ఎన్ని ఉపన్యాసాలిచ్చినా రాని నమ్మకం ఆ తల్లికి వస్తుంది.

విదేశాల్లో ఉన్న తెలుగువారితో చివరి మాట. 2007లో మొదలైన మనబడి వంటి తరగతులు వారాంతంలో అక్షరాలు నేర్పుతున్నాయి. అది గొప్ప సేవ. అయితే వారానికి రెండు గంటల తరగతి మీ ఇంటి రోజువారీ చదువుకు బదులు కాదు, తోడు మాత్రమే. మీ బిడ్డ ఇంగ్లీషులో జవాబు చెప్పినా మీరు తెలుగులోనే చదవండి. జవాబు ఏ భాషలో వచ్చినా వినడం తెలుగులో సాగుతోంది. ఆపేస్తే తిరిగి మొదలుపెట్టడం కష్టం, సాగిస్తే ఒకనాటికి జవాబు కూడా తెలుగులో వస్తుంది.

గిడుగువారు సవర నేర్చుకునే నాటికి ఆయనకు భాషాశాస్త్ర పట్టా లేదు, ఆ భాషలో ఒక్క పుస్తకం లేదు, చేతిలో పెద్ద డబ్బు లేదు. ఎవరో ఒకరు ముందుకొస్తారని ఆయన ఎదురుచూడలేదు. మనకు పుస్తకాలున్నాయి, పరిశోధనలున్నాయి, చదవడానికి గొంతు ఉంది. కావలసింది నిర్ణయం. ఈ రాత్రి నుంచే మీ బిడ్డకు, మనవరాలికి, పక్కింటి పిల్లవాడికి, మీ ఇల్లు తప్ప ఎవరూ చదవని ఆ భాషలో చదవడం మొదలుపెట్టండి. మీ ఊళ్ళో అలాంటి భాష మాట్లాడే ఇల్లు మరొకటి ఉంటే, ఆ బిడ్డకు కూడా ఆ హక్కు దక్కేలా మీ బడిలో, మీ గ్రంథాలయంలో అడగండి. ఆయన పేరు మీద సభలు పెట్టుకునే అర్హత మనకు అలా వస్తుంది.